పచ్చసొన ఎవరి వాటా?

సాయంత్రం ఏడు దాటాక అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు నడిస్తే దారిలో ఉడకబెట్టిన గుడ్ల బండ్లు కనిపిస్తాయి. గుడ్డు రెండు ముక్కలుగా కోసి, ఉప్పు, కారం, ఉల్లిపాయ ముక్కలు చల్లి కాగితం మీద పెట్టి ఇస్తారు. నేనుండేది నాంపల్లిలోనే కాబట్టి ఇది నా రోజువారీ రూటు. రాయదుర్గం నుంచి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, నాంపల్లిలో దిగేసరికి ఆకలి మొదలైపోతుంది.

మా గల్లీ చివర బండి పక్కనే ఒక జిమ్ ఉంది. అందుకే ఆ బండికి రెండు రకాల గిరాకీ. జిమ్ బ్యాగు భుజానికేసుకుని వచ్చేవాళ్లు “అన్నా, ఆరు వైట్స్” అంటారు. బండి అన్న గుడ్డు కోసి, పచ్చసొనని వేలితో తోసి ఓ స్టీలు గిన్నెలో పడేస్తాడు. ఎనిమిది అయ్యేసరికి గిన్నె నిండుతుంది. అప్పుడొస్తారు రెండో రకం గిరాకీ. స్టేషన్ దగ్గర పార్సిల్ మూటలు మోసేవాళ్లు, ఆటో డ్రైవర్లు. నాలుగు పచ్చసొనలు ఐదు రూపాయలు. వాటిని బ్రెడ్ మీద చిదిమి, కారం చల్లుకుని తింటారు.

“ఎవరిది కరెక్టన్నా?” అని ఓసారి అడిగాను.

“తెల్లది తినేటోళ్లు జిమ్మోళ్లు, పచ్చది తినేటోళ్లు పనోళ్లు. నాకేం ఎరుక? గుడ్డయితే ఒక్కటే గదా అన్నా” అన్నాడు.

ఇది నవ్వుకుని వదిలేసే విషయమే. కానీ ఇదే ప్రశ్న బ్లడ్ రిపోర్ట్ రూపంలో మా ఇంట్లోకి వచ్చింది. అందుకే కాస్త లోతుగా చూడాల్సి వచ్చింది.

“స్టెంట్ ఎవరికి వేశారమ్మా?”

మా నాన్న మిర్యాలగూడలో ఎరువుల షాపు నడుపుతాడు. రెండేళ్ల క్రితం, 55 ఏళ్ల వయసులో, ఛాతీలో నొప్పి అంటే హైదరాబాద్ తీసుకొచ్చాం. ఒక స్టెంట్ పడింది. డిశ్చార్జ్ రోజు బిల్లుతో పాటు ఓ డైట్ కాగితం ఇచ్చారు. ‘తినకూడనివి’ లిస్టులో నెయ్యి, వేపుళ్లు, మటన్, వాటి కింద ‘గుడ్డు పచ్చసొన’.

అమ్మ ఆ కాగితాన్ని ఇంట్లో అందరికీ వర్తించే చట్టం చేసేసింది. గుడ్లు ఉడికితే తెల్లవి కంచంలోకి, పచ్చవి పెరట్లో పిల్లికి. “ఆయనకి మంచిది కానిది మీకెట్ల మంచిదైతది?” అనేది ఆమె వాదన. భయంతో, ప్రేమతో చేసిన చట్టం కాబట్టి అమలు కూడా గట్టిగానే జరిగింది.

నా చెల్లికి ఇప్పుడు 20. కోఠిలో డిగ్రీ చదువుతూ నాతో పాటే నాంపల్లిలో ఉంటోంది. ఊరు వదిలినా అమ్మ చట్టం వదల్లేదు. పొద్దున రెండు ఎగ్ వైట్స్, టీ. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఏదో ఒకటి. ఆదివారం మాత్రం చికెన్. గత జూన్‌లో మెట్రో మెట్లెక్కుతూ కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఆడవాళ్లకి కనీసం 12 ఉండాలి. విటమిన్ బీ12 కూడా తక్కువే.

డాక్టరమ్మ రిపోర్ట్ పక్కన పెట్టి, “పొద్దున్నుంచి రాత్రిదాకా ఏమేం తింటావో చెప్పు” అంది. చెల్లి చెప్పింది.

“వైట్స్ ఒక్కటే ఎందుకు? పచ్చసొన ఏం చేస్తున్నావ్?”

“మా నాన్నకి స్టెంట్ వేశారు మేడమ్. అందుకే మా ఇంట్లో ఎవరూ తినరు.”

“స్టెంట్ ఎవరికి వేశారమ్మా? నాన్నకా, నీకా?”

చెల్లి దగ్గర జవాబు లేదు. డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. నాన్నకి 55కే గుండెజబ్బు వచ్చింది కాబట్టి పిల్లలుగా మేమిద్దరం లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోవాలట. రిస్క్ వంశంలో రావచ్చు, దాన్ని పరీక్షతో తెలుసుకోవాలి. అంతేగానీ పరీక్ష లేకుండా నాన్న మందుచీటీని మనం వాడకూడదు. ఆ వారమే ఇద్దరం రక్తం ఇచ్చాం. చెల్లి రిపోర్ట్ నార్మల్. నాదీ నార్మలే.

గుడ్డులో ఏది ఎక్కడుంది?

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డాక్టర్‌ని కాదు, డైటీషియన్‌ని కాదు. కానీ బగ్ ఏ లైన్‌లో ఉందో చూడకుండా ఫైల్ మొత్తం డిలీట్ చేస్తే నాకు నిద్రపట్టదు. అందుకే ముందు అంకెలు చూశాను.

పెంకు తీశాక 50 గ్రాములుండే ఒక పెద్ద గుడ్డు తీసుకుందాం. మొత్తం గుడ్డులో సుమారు 72 కేలరీలు, 6.3 గ్రాముల ప్రొటీన్. ఇందులో తెల్లసొన వాటా 17 కేలరీలు, 3.6 గ్రాముల ప్రొటీన్. పచ్చసొన వాటా 55 కేలరీలు, 2.7 గ్రాముల ప్రొటీన్, నాలుగున్నర గ్రాముల కొవ్వు, 185 మిల్లీగ్రాముల దాకా కొలెస్ట్రాల్.

ఈ అంకెల్ని రెండోసారి చదవండి. “ప్రొటీన్ అంతా తెల్లదాంట్లోనే ఉంటుంది” అని జిమ్‌లో వినే మాట నిజం కాదు. గుడ్డులోని ప్రొటీన్‌లో 40 శాతం పైనే పచ్చసొనలో ఉంది. మిగతా పోషకాల సంగతికొస్తే పోటీయే లేదు. విటమిన్ ఏ, డీ, ఇ, బీ12లో దాదాపు అంతా పచ్చసొన వైపే. మెదడుకీ లివర్‌కీ అవసరమైన కోలీన్, కంటి రెటీనాలో ఉండే లూటీన్ కూడా అక్కడే. తెల్లసొన అంటే దాదాపుగా నీళ్లు, ప్రొటీన్. అది చెడ్డదేం కాదు, దానికి ఒకే పని వచ్చు, అంతే.

అలాగని పచ్చసొనని దేవుణ్ని చేయక్కర్లేదు. చెల్లి విషయంలో డాక్టరమ్మ ముందు రాసింది ఐరన్ మాత్రలు, బీ12. ఒక గుడ్డులో ఉండే బీ12 అర మైక్రోగ్రాము. పెద్దవాళ్లకి రోజుకి 2.2 కావాలని మన ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే ఐదో వంతు కూడా కాస్త పైనే. పచ్చసొనలో ఐరన్ ఉన్నా అది ఒంటికి పెద్దగా పట్టదు. కాబట్టి గుడ్డు తిని రక్తహీనత పోగొట్టుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ రోజూ రెండు గుడ్లు కొని, అందులో బీ12 ఉన్న భాగాన్నే పారేస్తున్న అమ్మాయికి బీ12 తక్కువుంటే, పారేయడం ఆపమని చెప్పడం న్యాయమే కదా.

ఇది మా ఒక్క ఇంటి కథ కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణ లెక్క కూడా దాదాపు అంతే.

జిమ్ లెక్క, జేబు లెక్క

మా జిమ్‌లో ఓ తమ్ముడు రోజుకి ఎనిమిది వైట్స్ తింటాడు. డిగ్రీ ఫైనల్ ఇయర్, జగదీష్ మార్కెట్‌లో మొబైల్ షాపులో పార్ట్‌టైమ్. ఓ రోజు వాడి ఖర్చు లెక్కేశాం.

గుడ్డు ఏడు రూపాయలు అనుకుందాం. ఎనిమిది గుడ్లకి 56 రూపాయలు. వచ్చే ప్రొటీన్ 28.8 గ్రాములు. ఇదే ప్రొటీన్ నాలుగున్నర గుడ్లు పూర్తిగా తింటే వస్తుంది. ఖర్చు 32 రూపాయలు. నెలలో 26 రోజులు జిమ్‌కి వస్తే తేడా 600 రూపాయలు పైనే. ఆ డబ్బుతో రోజూ ఓ కప్పు పెరుగు, గుప్పెడు పల్లీలు వస్తాయి.

“మరి కేలరీలన్నా?” అన్నాడు. అది మంచి ప్రశ్న. ఎనిమిది వైట్స్‌లో 136 కేలరీలే. నాలుగున్నర గుడ్లలో 320 దాటతాయి. బరువు తగ్గే పనిలో ఉండి, ప్రతి కేలరీ లెక్కపెట్టుకునేవాడికి వైట్స్ నిజంగానే ఉపయోగం. కానీ వీడి సమస్య అది కాదు. వీడి బరువు 54 కిలోలు. కండ పెంచాలని జిమ్‌లో చేరాడు. బరువు పెరగాల్సిన మనిషి రోజుకి 440 కేలరీలు స్టీలు గిన్నెలో వదిలేసి ఇంటికి పోతున్నాడు.

కండ సంగతికే వస్తే, అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు 2017లో ఓ పరిశోధన ప్రచురించారు. వ్యాయామం చేసే పది మంది యువకులకి వర్కౌట్ అయ్యాక ఓసారి పూర్తి గుడ్లు, మరోసారి తెల్లసొనలు పెట్టారు. రెండింట్లోనూ ప్రొటీన్ సమానంగా 18 గ్రాములే. పూర్తి గుడ్లు తిన్నప్పుడే కండరాల్లో కొత్త ప్రొటీన్ తయారీ ఎక్కువగా జరిగింది. పది మందితో చేసినది కాబట్టి దీన్నే శాసనంగా పట్టుకోవద్దు. కానీ “కండకి పచ్చసొన అడ్డం” అనే మాటకి ఆధారం లేదని మాత్రం అర్థమవుతుంది.

అసలు మనకి ఎంత ప్రొటీన్ కావాలి? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, మన దేశానికి ఈ లెక్కలు కట్టే చోటు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. వాళ్ల ప్రమాణం ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. గట్టిగా బరువులెత్తేవాళ్లకి ఇంకాస్త కావాలి, నిజమే. కానీ రెండు గుడ్లలో 12 గ్రాములు వచ్చేశాయి. పప్పు, పెరుగు, పాలు, శనగలు, అన్నం కలిస్తే మిగతాది పూర్తవుతుంది. కండలు పెంచడానికి ప్రొటీన్ పౌడర్లు వాడొద్దని కూడా ఎన్‌ఐఎన్ 2024 ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది.

చెడ్డపేరు ఎలా వచ్చింది?

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారు మీకు తెలుసు కదా. అక్కడ ఆరోగ్యం పుస్తకాల కుప్ప దగ్గర కాసేపు కూర్చోండి. పాత పుస్తకం తీస్తే “పచ్చసొన మానండి” అని ఉంటుంది. కొత్తది తీస్తే “రోజుకో గుడ్డు మంచిదే” అని ఉంటుంది. ఏది నమ్మాలో తెలీక రెండూ కింద పెట్టేస్తాం. కానీ ఆ మార్పు వెనక ఓ కథ ఉంది.

1913లో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ అనిచ్కోవ్ కుందేళ్లకి కొలెస్ట్రాల్ తినిపించాడు. వాటి రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంది. గొప్ప పరిశోధనే. కానీ కుందేలు గడ్డి తినే జంతువు. తిండిలో వచ్చే కొలెస్ట్రాల్‌ని సంభాళించే ఏర్పాటు దానికి మనకున్నంత లేదు.

1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రోజుకి 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ దాటొద్దని, వారానికి మూడు పచ్చసొనలకి మించొద్దని చెప్పింది. 1984 మార్చిలో టైమ్ పత్రిక అట్ట మీద రెండు గుడ్లు కళ్లుగా, బేకన్ ముక్క వంకర మూతిగా ఏడుపు మొహం బొమ్మ వేసింది. ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. మన దగ్గర 2011 ఎన్‌ఐఎన్ మార్గదర్శకాలు కూడా వారానికి మూడు గుడ్లు, తెల్లసొన అయితే ఎక్కువైనా పర్లేదు అనే చెప్పాయి. అంటే నాన్న డైట్ కాగితం రాసినవాళ్లు సొంతంగా కల్పించిందేమీ లేదు. చాలాకాలం చలామణీలో ఉన్న మాటనే రాశారు.

తర్వాత ఏం మారింది? మన ఒంట్లో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగాన్ని లివరే తయారుచేస్తుంది. తిండిలోంచి ఎక్కువొస్తే చాలామందిలో ఆ తయారీ కొంత తగ్గుతుంది. రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ని, అంటే ఎల్‌డీఎల్‌ని, పెంచడంలో తిండిలోని కొలెస్ట్రాల్ కంటే సంతృప్త కొవ్వు, ట్రాన్స్ ఫ్యాట్ పాత్ర పెద్దదని తేలింది. గుడ్డు ఇక్కడే తిరకాసు పెడుతుంది. దాంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువే, కానీ సంతృప్త కొవ్వు ఒకటిన్నర గ్రాములే. ఒక టేబుల్ స్పూన్ వెన్నలో ఏడు గ్రాములుంటుంది.

అందుకే అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాలు 2015-20 ఎడిషన్‌లో ఆ 300 అంకెని తీసేశాయి. 2019లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆరోగ్యవంతులు రోజుకో పూర్తి గుడ్డు తినొచ్చంది. అదే ఏడాది మరో అమెరికా పరిశోధన మాత్రం గుడ్లు పెరిగితే గుండెజబ్బు రిస్క్ కాస్త పెరుగుతోందని చెప్పింది. 2020లో లక్షల మంది డేటాతో వచ్చిన ఇంకో విశ్లేషణ, రోజుకో గుడ్డు దాకా రిస్క్ పెరగడం లేదంది. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఫలితాలు ఇంకా ఒకే మాట మీద లేవు. కొందరిలో పచ్చసొన తింటే ఎల్‌డీఎల్ మిగతావాళ్లకంటే ఎక్కువ పెరుగుతుంది కూడా. అది మొహం చూసి చెప్పలేం, రక్తపరీక్షే చెప్పాలి.

అంటే ఒకప్పుడు అందరికీ వద్దన్నారు, ఇప్పుడు అందరికీ ఎన్నైనా సరే అనడం లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి రోజుకొకటి దాకా భయం లేదంటున్నారు. జబ్బున్నవాళ్లు డాక్టర్‌ని అడగమంటున్నారు.

ఎగ్ పఫ్ చేసిన పాపం

ఇప్పుడు నాన్న సంగతి. పోయిన నెల చెకప్‌కి వచ్చినప్పుడు నేనూ లోపలికి వెళ్లాను. కార్డియాలజిస్ట్‌ని సూటిగా అడిగాను, “పచ్చసొన పూర్తిగా మానేయాలా సార్?”

ఆయన ఎల్‌డీఎల్ చూశాడు. స్టెంట్ పడినవాళ్లకి 70 లోపు ఉండాలట. నాన్నది 92. “మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?” అంటే నాన్న తల గోక్కున్నాడు. వారానికి రెండు మూడు రాత్రులు మర్చిపోతాడట. “సాయంత్రం షాపులో ఏం తింటారు?” అంటే ఇంకోసారి గోక్కున్నాడు. టీతో పాటు ఖారీ, లేదంటే ఎగ్ పఫ్. వాసన మారిన నూనెలో వేగిన మిరపకాయ బజ్జీ.

“ఎగ్ పఫ్‌లో పచ్చసొన ఉంటదిగా?” అంది పక్కనున్న అమ్మ, దొంగని పట్టుకున్నట్టు.

డాక్టర్ నవ్వి, “పచ్చసొన అరముక్క ఉంటదమ్మా. దాని చుట్టూ ఉన్న పొరల్లో ఏముంటదో అది అడగండి” అన్నాడు.

హైదరాబాద్ వాళ్లకి ఎగ్ పఫ్ గురించి చెప్పక్కర్లేదు. నాంపల్లి బేకరీల్లో సాయంత్రం ట్రే బయటికొచ్చిన పది నిమిషాల్లో ఖాళీ. ఆ పొరలు విడివిడిగా రావాలంటే మైదా మధ్య కొవ్వు దట్టంగా పట్టించి మళ్లీ మళ్లీ మడవాలి. చవగ్గా చేసేచోట ఆ కొవ్వు వనస్పతి, మార్జరిన్ లాంటిదే. 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని దేశంలో నిబంధన ఉంది కాబట్టి ఆ బెడద తగ్గింది. సంతృప్త కొవ్వు మాత్రం అలాగే ఉంది. అంటే ఇంట్లో పచ్చసొనని పిల్లికి వేసి, షాపు దగ్గర అంతకు మించిన సంతృప్త కొవ్వుని నాన్న కాగితంలో చుట్టించుకుని తింటున్నాడు. పేరులో ఎగ్ ఉంది కాబట్టి నింద గుడ్డు మీద పడింది.

చివరికి డాక్టర్ నాన్నకి చెప్పింది ఇది. మాత్ర ఒక్క రాత్రి కూడా తప్పొద్దు. బేకరీ, బజ్జీ బంద్. తెల్లసొన ఇష్టం వచ్చినట్టు తినొచ్చు. పూర్తి గుడ్డు వారానికి మూడు, అదీ నూనెలో కాదు, ఉడకబెట్టి. మూడు నెలలకి మళ్లీ పరీక్ష. అది చూసి మారుద్దాం. ఇది మా నాన్నకి, ఆయన రిపోర్ట్ చూసి చెప్పిన మాట. మీ నాన్నకి మీ డాక్టర్ వేరేది చెప్పొచ్చు.

అమ్మకి ఎవరూ రాయలేదు

ఆ గదిలోంచి లేవబోతుంటే చెల్లి అంది, “సార్, అమ్మకి కూడా బ్లడ్ టెస్ట్ రాయండి.”

“నాకెందుకే? నాకేమైంది?” అంది అమ్మ.

చెల్లి ఎందుకడిగిందంటే, అమ్మ కొన్నాళ్లుగా గుడ్డే తినడం లేదు. “ఉట్టి తెల్లది చప్పగుంటది, నాకొద్దు” అని తన వాటా మాకు వేసేది. పచ్చసొన తినడానికి తను పెట్టిన రూలే అడ్డం. నాన్న కోసం మటన్ బంద్, నెయ్యి బంద్. తనకి మిగిలింది అన్నం, పచ్చిపులుసు, చారు. రిపోర్ట్‌లో హిమోగ్లోబిన్ 9.1. చెల్లికంటే తక్కువ. 50 ఏళ్ల మనిషి, రోజంతా ఇంట్లో నిలబడే ఉంటుంది. ఆయాసం వస్తే “వయసైతుంది” అనుకుందట.

మా పెద్దమ్మ అంగన్‌వాడీలో ఆయా. ఈ కథంతా విని ఫోన్లోనే అమ్మని కడిగేసింది. “సర్కారు గర్భిణోళ్లకు దినాం గుడ్డు పెడ్తున్నది. మేం ముంగట కూసోని తినిపిస్తున్నం. నువ్వు పైసలు వెట్టి కొని పిల్లికేస్తున్నవా?”

పెద్దమ్మ చెప్పింది ఆరోగ్యలక్ష్మి పథకం గురించి. 2015 జనవరి 1 నుంచి తెలంగాణలో అంగన్‌వాడీల్లో గర్భిణులకి, బాలింతలకి ఒక పూట భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు ఇస్తున్నారు. తెల్లసొన కాదు, పూర్తి గుడ్డు. 2023-24లో దేశంలో 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి అయితే, వాటిలో దాదాపు 18 శాతంతో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానం, తెలంగాణ మూడో స్థానం. అయినా దేశం మొత్తం మీద ఆ ఏడాది తలసరి లభ్యత 103 గుడ్లే. 180 తినాలన్నది ఎన్‌ఐఎన్ సిఫార్సు. ఇన్ని గుడ్లు పెట్టే రాష్ట్రాల్లో ఇల్లు నడిపే ఆడవాళ్ల కంచంలోకి గుడ్డు ఆఖరున చేరుతోంది. ఒక్కోసారి చేరడమే లేదు.

ఇప్పుడు అమ్మ కూడా ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. రోజుకో పూర్తి గుడ్డు తింటోంది. తింటున్నట్టు ఫొటో పెట్టాలని చెల్లి రూలు. ఈసారి చట్టం చేసింది చెల్లి. చెల్లి హిమోగ్లోబిన్ మూడు నెలల్లో 11.3కి వచ్చింది. క్రెడిట్ ఎక్కువగా మాత్రలదే, కొంచెం కంచానిది.

మరి మీరేం తినాలి?

మీకు 20, 30 ఏళ్లుండి, షుగర్ లేకుండా, కొలెస్ట్రాల్ మామూలుగా ఉంటే రోజుకో పూర్తి గుడ్డు నిశ్చింతగా తినండి. ప్రొటీన్ ఇంకా కావాలంటే దానికి రెండు తెల్లసొనలు కలపండి. మొత్తం 13 గ్రాముల పైనే ప్రొటీన్, 106 కేలరీలు. బరువు తగ్గాలనుకునేవాళ్లకి కూడా ఈ కలయిక సరిపోతుంది.

ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే గుడ్డు మానేసే ముందు లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. షుగర్, గుండెజబ్బు, ఎక్కువ ఎల్‌డీఎల్ ఉన్నవాళ్లు ఎన్ని తినాలో తమ డాక్టర్‌ని అడగండి. అడిగేటప్పుడు సాయంత్రం తినే చిరుతిళ్లు కూడా దాచకుండా చెప్పండి.

పచ్చి గుడ్డు తాగే పని మాత్రం వద్దు. ఉడికిన గుడ్డు ప్రొటీన్‌లో 90 శాతం దాకా అరుగుతుంది, పచ్చిదాంట్లో సగమే. పైగా పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్ విటమిన్‌ని ఒంటికి పట్టనివ్వదు. సాల్మొనెల్లా భయం సరేసరి. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది ఇలాంటి భయాలతోనే.

నాటు గుడ్డు, ఫారం గుడ్డు, బ్రౌన్ గుడ్డు అని బుర్ర పాడుచేసుకోకండి. పెంకు రంగు కోడి జాతిని బట్టి, సొన రంగు అది తిన్న మేతని బట్టి వస్తుంది. జేబుకి ఏది అందితే అది కొనండి.

ఇంకొక్క పని. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు “అమ్మా, తిన్నావా?” అని అడుగుతారు కదా. దాంతో ఆపకుండా “ఏం తిన్నావు?” అని కూడా అడగండి. జవాబు రావడానికి ఆలస్యమైతే, దగ్గర్లోని ల్యాబ్‌లో ఒక హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పెద్ద ఖర్చేం కాదు.